అనంతపురం ఎండల్లో పెరటి తోట: విత్తనాల కంటే ముందు నీళ్ల లెక్క

మృగశిర కార్తెలో ఒక వాన పడిందంటే చాలు, మా వీధిలో ఎవరో ఒకరు గేటు దగ్గర నిలబడి అడుగుతారు: "అక్కా, ఏం విత్తనాలు తెచ్చుకోమంటావు?" అని. విత్తనాల సంగతి తర్వాత చెప్తాను, ముందు మీ ఇంట్లో రోజుకు ఎన్ని బకెట్ల నీళ్లు మిగులుతాయో చూసి రండి అంటాను. చాలామందికి ఈ మాట నచ్చదు. కానీ పన్నెండేళ్లుగా అనంతపురంలో రెండు సెంట్ల పెరడు సాకుతున్నాను. ఇక్కడ తోటలు పురుగు వల్ల పోవడం తక్కువ. జూన్‌లో ఉన్న ఉత్సాహానికి మార్చిలో నీళ్లు చాలక పోయేవే ఎక్కువ. అందుకే ఈ పద్ధతంతా నీళ్ల దగ్గర నుంచే మొదలుపెడుతున్నాను. కర్నూలు, కడప వాళ్లకూ ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

మొదట నీళ్లు కొలవండి

అనంతపురంలో ఏడాదికి సగటున కురిసేది దాదాపు 550 మిల్లీమీటర్లు. అందులో పెద్ద భాగం ఆగస్టు నుంచి అక్టోబరు లోపలే పడిపోతుంది. మిగతా తొమ్మిది నెలలూ మనం పోసిందే మొక్కకు ఆధారం.

ఒక వారం పాటు వంటింట్లో ఒక బకెట్టు పెట్టి, బియ్యం, పప్పు, ఆకుకూరలు, కూరగాయలు కడిగిన నీళ్లన్నీ అందులో పోయండి. నలుగురున్న మా ఇంట్లో రోజుకు ఒక బకెట్టు, అంటే 16 నుంచి 18 లీటర్లు వస్తాయి. ఆకుకూరలకు ఇంతకంటే మంచి నీళ్లు లేవు. స్నానాల గది నీళ్లను అరటికి, మునగకు, పండ్ల చెట్లకు మళ్లించండి, ఆకుకూరల మీద మాత్రం పోయకండి. బట్టలుతికిన నీళ్లు అసలు వద్దు. సబ్బు పొడిలోని సోడా నేలను బిగదీసేస్తుంది, ఒక ఏడాదికే మట్టి గచ్చులాగా గట్టిపడుతుంది. అంట్లు తోమిన నీళ్లలో ఉప్పు, నూనె ఉంటాయి కాబట్టి అవీ వద్దు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఇంట్లో ఆర్‌ఓ మిషన్ ఉన్నవాళ్లు అది బయటికి వదిలే నీళ్లను వృథా ఎందుకని మొక్కలకు పోస్తుంటారు. మిషన్‌లో పోసిన నీళ్లలో సగం తాగడానికి వచ్చి సగం బయటికి పోతున్నాయంటే, ఆ పోయే సగంలో ఉప్పు దాదాపు రెండింతలైందని అర్థం. మన బోర్ల నీళ్లే చాలాచోట్ల ఉప్పన. వాటి ఉప్పును ఇంకా చిక్కబరిచి మొక్కకు పోస్తే ఆకుల అంచులు మాడిపోతాయి. ఆ నీళ్లతో గచ్చు కడగండి, బాత్రూముల్లో వాడండి. బోరు నీళ్లే పోస్తున్నవాళ్లు మట్టి మీద తెల్లటి పొర పడుతుందేమో చూస్తూ ఉండండి. పడితే రోజూ కొంచెం కొంచెం పోయడం ఆపి, వారానికి ఒకసారి బాగా తడిసేలా పెట్టండి. అప్పుడు ఉప్పు వేళ్ల కిందికి దిగిపోతుంది. చిలకరిస్తూ పోతే అది పైనే పేరుకుంటుంది.

ఇప్పుడు లెక్క. నేలను కప్పి ఉంచితే 100 చదరపు అడుగుల మడికి చలికాలంలో రోజుకు సుమారు రెండు బకెట్లు సరిపోతాయి, ఏప్రిల్, మేలో నాలుగు కావాలి. మీ దగ్గర ఎండాకాలంలో రోజుకు రెండే బకెట్లు మిగిలితే మీ తోట 50 చదరపు అడుగులే. చిన్నదని బాధపడకండి. 50 అడుగులు పచ్చగా ఉంటే రోజూ కూరలోకి ఏదో ఒకటి వస్తుంది. 200 అడుగులు వేసి సగం ఎండగొట్టుకుంటే మనసు విరిగి మళ్లీ పలుగు పట్టరు.

వాన నీళ్లను మాత్రం వదలకండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. 600 చదరపు అడుగుల మిద్దె అంటే దాదాపు 55 చదరపు మీటర్లు. ఒక రాత్రి 20 మిల్లీమీటర్లు కురిసిందంటే 1,100 లీటర్లు మిద్దె మీద నుంచి రోడ్డు మీదికి పోయినట్లే. మొదటి వానకు మిద్దె కడిగి వదిలేయండి. రెండో వాన నుంచి గొట్టం కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టండి, డ్రమ్ము నిండాక పొర్లేది పండ్ల చెట్టు పాదులోకి పోయేలా కాలవ తీయండి. డ్రమ్ముకు దోమతెర కట్టడం మరిచిపోకండి.

చోటు ఎలా చూసుకోవాలి

కూరగాయలకు రోజుకు ఆరు గంటల ఎండ కావాలని అన్నిచోట్లా రాస్తారు. మన దగ్గర ఆ ఆరు గంటలూ పొద్దుటివి కావాలి. తూర్పు వైపు, లేదా మధ్యాహ్నం రెండు తర్వాత ఇంటి నీడ పడే చోటు దొరికితే అదే మొదటి మడి. పడమటి ఎండ తగిలే గోడను ఆనుకుని ఏమీ వేయకండి. ఆ గోడ రాత్రి ఎనిమిది దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. తాడిపత్రి బండలు పరిచిన పెరళ్లలో కూడా ఇదే బాధ. బండ పక్కన మొక్కకు మేలో కిందినుంచీ ఎండే. మడి చుట్టూ ఒక వరుస బండలు తీయించగలిగితే తీయించండి.

ఆషాఢం గాలి సంగతి మీకు తెలిసిందే. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టారంటే ఇక్కడి గాలి ఎంతటిదో ఊహించుకోవచ్చు. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలికి లేత బీర తీగలు మెలితిరిగి తెగిపోతాయి, నారు ఒక్క పూటలో వాడిపోతుంది. పడమర పక్కన అవిసె గానీ, మునగ గానీ వరుసగా వేయండి. అవి ఎదిగే దాకా పచ్చ నెట్టు కట్టుకోండి. తడిక అయితే ఇంకా మంచిది. గోడ గాలిని అవతలికి ఎగదోసి మళ్లీ మొక్క మీదికే దింపుతుంది, తడిక సగం గాలిని తనలోంచి పోనిచ్చి జోరు తగ్గిస్తుంది.

మడిని ఎత్తు చేయకండి, దించండి

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న పాఠం. మొదటి ఏడాది వీడియోలు చూసి ఇటుకలతో అడుగు ఎత్తు మడులు కట్టించాను. చూడ్డానికి అందంగా ఉన్నాయి. ఫిబ్రవరి వచ్చేసరికి పొద్దున పోసిన నీళ్లు సాయంత్రానికి ఆరిపోయేవి. ఎత్తు మడికి పైనుంచే కాక నాలుగు పక్కల నుంచీ ఎండ, గాలి తగులుతాయి. కోస్తాలో, కేరళలో వానలు ఎక్కువ, నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది, అక్కడ ఎత్తు మడి సరైనదే. మనకు కావాల్సింది పల్లపు మడి. నడిచే దారి ఎత్తుగా, మడి అర అడుగు లోతుగా ఉండాలి. పోసిన నీళ్లు, పడిన వాన అందులోనే ఇంకుతాయి. సెప్టెంబరులో ఎప్పుడైనా కుండపోతగా కురిస్తే నీళ్లు పోవడానికి ఒక పక్క గట్టు తెగ్గొట్టేలా ఉంచుకుంటే చాలు.

పది అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పుతో ఒక మడి తీసుకోండి. వెడల్పు మూడు అడుగులు దాటితే మధ్యలో చెయ్యి అందక మడి తొక్కాల్సి వస్తుంది. ఒకటిన్నర అడుగు లోతు తవ్వండి. ఇల్లు కట్టినప్పుడు పూడ్చిన సిమెంటు గడ్డలు, ఇటుక ముక్కలు, సున్నం పెళ్లలు తప్పకుండా వస్తాయి. ఓపికగా అన్నీ ఏరేయండి. సున్నం ఎక్కువున్న మట్టిలో మొక్క లేతాకులు పచ్చదనం పోయి పసుపు రంగుకు తిరుగుతాయి, ఎన్ని ఎరువులు వేసినా కోలుకోవు.

మనది ఎర్ర గరప నేల. నీళ్లు తొందరగా లాగేస్తుంది, అంతే తొందరగా వదిలేస్తుంది, ఎండితే పైన పెచ్చు కడుతుంది. దీనికి మందు పశువుల ఎరువు. తవ్విన మట్టిలో బాగా చివికిన ఎరువు రెండు గోతాలు, అంటే సుమారు 50 కిలోలు, కిలో వేపపిండి కలపండి. దగ్గరలో చెరువు ఒండ్రు దొరికితే నాలుగు తట్టలు కలపండి. నీళ్లను పట్టి ఉంచే గుణం దానిది. గొర్రెల ఎరువైతే సగం చాలు, అది వేడి, కనీసం మూడు నెలలు మాగనివ్వాలి. పచ్చి పేడ ఎప్పుడూ వేయకండి, దాని వెనకే చెదలు, వేరుపురుగు వస్తాయి. మడి నింపాక రెండుసార్లు బాగా తడిపి, పది రోజులు వదిలేసి, ఆ తర్వాత విత్తండి.

ఒక మూల రెండు అడుగుల గుంత తీసి వంటింటి తొక్కలు, రాలిన ఆకులు వేస్తూ ఉండండి. ఒక వరుస పచ్చివి, దాని మీద రెండు వరుసలు ఎండాకులు, పైన గుప్పెడు మట్టి, కొంచెం తేమ. మూడు నెలల్లో నల్లటి ఎరువవుతుంది. వాసన వస్తే ఎండాకులు తక్కువయ్యాయని తెలుసుకోండి.

నేలకు గుడ్డ కప్పినట్లు

మా అత్తమ్మది ధర్మవరం పక్కన పల్లె. "ఎండాకాలం నేలకూ గుడ్డ కప్పల్లమ్మా" అనేది. ఆమె చేనులో చేసిన పనే నేను పెరట్లో చేస్తున్నాను. ఒక్క ఈ పని వల్లే నా నీళ్ల ఖర్చు దాదాపు సగానికి తగ్గింది. మడిలో ఏ కాలంలోనూ మట్టి కనపడకూడదు.

మన జిల్లాలో దీనికి చెనిక్కాయల (వేరుశనగ) పొట్టును మించింది లేదు. కాయలు వలిచే మిషన్ల దగ్గర గోతాలతో దొరుకుతుంది. మొక్క జానెడు ఎదిగాక రెండు మూడు అంగుళాల మందంగా పరవండి, కాండానికి రెండంగుళాలు వదిలి. ఒకటే జాగ్రత్త, ఎండు పొట్టుకు చెదలు పడతాయి. పరిచే ముందు మట్టి మీద గుప్పెడు వేపపిండి చల్లండి, పొట్టును తడిగా ఉంచండి. పొట్టు దొరక్కపోతే కానుగ, వేప ఆకులు బాగుంటాయి. చెరకు రసం బండ్ల దగ్గర పిప్పి ఊరికే ఇస్తారు, దాన్ని నాలుగు రోజులు ఎండబెట్టి వాడండి, లేకపోతే చీమలు చేరతాయి.

నీళ్లు మరీ తక్కువున్నవాళ్లు కుండ పద్ధతి పెట్టుకోండి. కుమ్మరి దగ్గర ఐదారు లీటర్ల మట్టి కుండ తెచ్చి (కాల్చినదే, కానీ రంగు, పాలిషు లేనిది), మెడ దాకా మడిలో పూడ్చి నీళ్లు నింపి మూత పెట్టండి. కుండ ఊరుతూ చుట్టూ నాలుగు మొక్కల వేళ్లను తడిగా ఉంచుతుంది. రెండు మూడు రోజులకోసారి నింపితే సరిపోతుంది. ఊరికి వెళ్లేవాళ్లకు ఇది పెద్ద ధైర్యం. ఉప్పు నీళ్లు పోస్తే కుండ రంధ్రాలు మూసుకుపోతాయి కాబట్టి ఏడాదికోసారి కుండ మార్చాలి.

ఎప్పుడు ఏది వేయాలి

విత్తనాల అంగడిలో అన్నీ ఏడాది పొడుగునా దొరుకుతాయి. దొరికింది కదా అని వేయకండి.

జూన్ రెండో వారం నుంచి జూలై దాకా బీర, కాకర, సొర, బెండ, మటిక్కాయలు (గోరుచిక్కుడు), అలసందలు వేసుకోండి. తీగ జాతులకు పాదుకు మూడు గింజలు పెట్టి, మొలిచాక గట్టి మొక్క ఒకటి ఉంచండి. చిక్కుడు, అనప కూడా ఈ రోజుల్లోనే పెట్టాలి. మన నాటు చిక్కుడు, అనప పగటి పొద్దు తగ్గితేనే పూతకొస్తాయి. జనవరిలో వేస్తే పందిరంతా ఆకే తప్ప పువ్వు కనిపించదు. జూలైలో పెట్టిన అనపకు సంక్రాంతి ముందే గింజలు చేతికొస్తాయి. అప్పుడు సంగటిలోకి అనపగింజల పులుసు చేసుకుంటే, ఆ రుచి కొన్నవాటికి ఉండదు.

ఆగస్టులో టమోటా, వంగ, మిరప నారు పోయండి. టమోటా 25 రోజులకు, వంగ 30 నుంచి 35 రోజులకు, మిరప 40 రోజులకు నాటడానికి వస్తాయి. సెప్టెంబరు వానల్లో నాటితే నిలదొక్కుకుంటాయి, నవంబరు చల్లదనానికి పూతకొస్తాయి. టమోటా విషయంలో ఈ లెక్క తప్పకూడదు. పగలు 38 డిగ్రీలు దాటి రాత్రి కూడా ఉక్కగా ఉంటే పువ్వు రాలిపోతుంది తప్ప కాయ కట్టదు. ఉగాదికి నాటి, మేలో కాయలు రాలేదని నారు ఇచ్చినవాళ్లను తిడితే ఏం లాభం?

అక్టోబరు, నవంబరు ఆకుకూరలకు స్వర్ణకాలం. మెంతాకు 25 రోజులకు, తోటకూర నెలకు, పాలకూర 35 రోజులకు, కొత్తిమీర 40 రోజులకు కోతకొస్తాయి. ఒకేసారి మడంతా చల్లకుండా పది రోజులకోసారి రెండేసి అడుగులు చల్లుతూ పోండి. ధనియాలను చేత్తో నలిపి రెండు ముక్కలు చేసి, రాత్రంతా నానబెట్టి వేస్తే మొలక బాగుంటుంది. ముల్లంగి, క్యారెట్, బీన్స్ కూడా ఈ రెండు నెలల్లోనే.

జనవరి చివర, ఫిబ్రవరిలో ఎండను ఓర్చుకునేవి మాత్రమే పెట్టండి: బెండ, మటిక్కాయలు, దోస, గోంగూర, బచ్చలి. గంగపాయలాకు ఎవరూ వేయకపోయినా వస్తుంది, దాన్ని కలుపని పీకేయకండి. పప్పులో వేస్తే కాస్త పులుపుతో ఎంత బాగుంటుందో!

రకాల విషయానికొస్తే, టమోటాలో పీకేఎం-1 ఎండకు ఓర్చుకుంటుంది, దాని విత్తనం మనం దాచుకోవచ్చు. అర్క రక్షక్ హైబ్రిడ్, ఆకుముడత వైరస్‌నూ మరో రెండు తెగుళ్లనూ తట్టుకునేలా బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసింది. కాపు బాగుంటుంది గానీ దాని విత్తనం దాచితే మరుసటేడు అదే గుణం రాదు. బెండలో అర్క అనామిక, మటిక్కాయల్లో పూసా నవబహార్, బీరలో జగిత్యాల లాంగ్ నాకు బాగా వచ్చాయి. వంకాయలో మాత్రం మీ ఊరి నాటు రకమే వెతుక్కోండి, గుత్తివంకాయకు దాని రుచి వేరు.

పూత ఉండి కాయ కట్టకపోతే

మిద్దెల మధ్య పెరళ్లలో తేనెటీగలు తక్కువ. బీర, సొర, కాకర, గుమ్మడికి మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. ఆడ పువ్వు కింద చిన్న పిందె కనిపిస్తుంది, మగ పువ్వుకు సన్నని కాడే ఉంటుంది. మగ పువ్వు తెంచి, రేకులు తీసి, మధ్యలో పుప్పొడిని ఆడ పువ్వు మధ్యలో మెల్లగా తాకించాలి. వేళ తెలియక చాలామందికి ఇది కుదరదు. కాకర, గుమ్మడి, దోస పొద్దునే విచ్చుకుంటాయి, ఎనిమిది లోపు చేయాలి. బీర, సొర సాయంత్రం విచ్చుకుంటాయి, దీపాలు పెట్టే వేళకు వెళ్లండి. మొదట్లో పది పన్నెండు రోజులు మగ పువ్వులే వస్తాయి, టెన్షన్ పడకండి.

టమోటా కింద భాగం నల్లగా కుంగిపోతే అది తెగులు కాదు. ఒకరోజు ఎక్కువ, మూడు రోజులు అసలు లేకుండా నీళ్లు పెట్టడం వల్ల కాయకు కాల్షియం అందక అలా అవుతుంది. నీళ్లు సమంగా పెడితే తర్వాతి కాయలు బాగుంటాయి.

బలానికి 15 రోజులకోసారి జీవామృతం. ఇంటి తోటకు 20 లీటర్లు చాలు: కిలో ఆవు పేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల ఉలవపిండి లేదా శనగపిండి, గుప్పెడు చెట్టు కింద మట్టి. నీడలో ఉంచి, రోజుకు రెండుసార్లు కర్రతో కలుపుతూ మూడో రోజు నుంచి వారం లోపల వాడేయాలి. ఒకటికి పది పాళ్లు నీళ్లు కలిపి, తడి నేల మీద పోయండి.

పండ్ల చెట్లు: ఎన్ని కాదు, ఏవి

రెండు సెంట్లలో నాలుగు చెట్లకు మించి వద్దు. జూలై చివరి నుంచి సెప్టెంబరు లోపల నాటాలి. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంత మేలోనే తీసి ఎండనివ్వండి. పై మట్టిలో రెండు తట్టల ఎరువు, కిలో వేపపిండి కలిపి నింపండి. అంటు మొక్క నాటేటప్పుడు అంటు కట్టిన చోటు నేలకు జానెడు పైన ఉండేలా చూడండి. దాని కింద నుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు తుంచేయాలి. ఒకసారి నేను తెచ్చిన నిమ్మ మొక్క ఏపుగా పెరిగింది, మూడేళ్లయినా పూత లేదు. తర్వాత చూస్తే పైన అంటు ఎప్పుడో చచ్చిపోయి కింది అడవి నిమ్మ చెట్టైంది. కొనేటప్పుడు అంటు అతుకు వేలితో తడిమి చూసుకోండి.

నా మాట వింటే మొదట పెట్టాల్సింది మునగ. పండు కాకపోయినా దాని చోటు పండ్ల చెట్ల మధ్యనే. మునగలోనూ పీకేఎం-1 పేరుతో రకం ఉంది, దాని గింజ నాటితే ఏడెనిమిది నెలల్లో కాయలొస్తాయి. మూడడుగులు ఎదిగాక చివర తుంచండి, కొమ్మలు పక్కలకు వస్తాయి, కాయ చేతికందుతుంది. గాలికి మునగ కొమ్మ ఇట్టే విరుగుతుంది, పొడుగు పెరగనివ్వకండి.

తర్వాత సీతాఫలం. మన కొండల్లో దానంతట అది పెరిగే చెట్టు, నీళ్లు తక్కువైనా బతుకుతుంది. ఎండాకాలం ఆకు రాల్చి నిలబడితే ఎండిపోయిందనుకుని కొట్టేయకండి, తొలకరికి చిగురిస్తుంది. జామలో లక్నో-49, అలహాబాద్ సఫేదా రెండూ ఇక్కడ బాగా వస్తాయి. వానాకాలపు కాయలకు పండు ఈగ పురుగు పెడుతుంది. కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడే పాత కాగితం సంచి కట్టండి. దానిమ్మ మన జిల్లాకు సరిపడే చెట్టు. నీళ్లు ఒక క్రమంలో పెట్టకపోతే మాత్రం కాయ పగులుతుంది.

బొప్పాయి తొందరగా వస్తుంది, తొమ్మిది పది నెలలకే పండు. నాటు విత్తనమైతే మగ చెట్లు కూడా వస్తాయి కాబట్టి ఒక గుంతలో మూడు మొక్కలు పెట్టి, పూత చూసి మగవాటిని తీసేయండి. రెడ్ లేడీ లాంటి రకంలో ఈ ఇబ్బంది లేదు. మొదలు దగ్గర నీళ్లు నిలిస్తే రెండు రోజుల్లో కుళ్లి పడిపోతుంది. మొదలు చుట్టూ మట్టి ఎగదోసి, నీళ్లు అడుగు దూరంలో పెట్టండి.

చీనీ (బత్తాయి) గురించి అందరూ అడుగుతారు. అనంతపురం అంటేనే చీనీ కదా! పెరట్లో ఒక్క చెట్టుకు చోటుంటే చీనీ కంటే నిమ్మ పెట్టుకోండి అంటాను. చీనీ నీళ్ల ఎద్దడికి ఓర్వదు. బోర్లు ఎండిన ఏడు పెద్ద పెద్ద చీనీ తోటలు నరికేసిన రైతుల దుఃఖం ఈ జిల్లాలో అందరం చూశాం. నిమ్మలో బాలాజీ రకం తీసుకోండి, ఏడాదంతా ఇంటికి సరిపోతుంది. అరటి అయితే స్నానాల గది నీళ్లు పారే చోట ఒక్క పిలక, అంతే. కరివేపాకు ఎక్కడైనా ఒక మూల ఉండనివ్వండి.

పురుగు కనిపించగానే మందు వద్దు

పొద్దున కాఫీ తాగుతూ ఆకుల అడుగున చూడటం అలవాటు చేసుకోండి. పేనుబంక, తెల్లదోమ, పిండినల్లి అక్కడే మొదలవుతాయి. కొద్దిగా ఉన్నప్పుడు వేళ్లతో నలిపి, నీళ్లతో గట్టిగా కొడితే పోతాయి. ఎక్కువైతే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, దాన్ని కలపడానికి కొంచెం సబ్బు నీళ్లు వేసి సాయంత్రం ఆకుల అడుగు తడిసేలా కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. వారం తర్వాత రెండోసారి కొట్టాలి. తెల్లదోమకు పసుపు రంగు జిగురు అట్టలు మొక్క ఎత్తులో కట్టండి. పిండినల్లి వచ్చిన చోట చీమల దారి వెతకండి, చీమలే దాన్ని కొమ్మ నుంచి కొమ్మకు మోస్తాయి. చీమల పుట్ట దగ్గర వేపపిండి వేసి, చెట్టు మొదలుకు జిగురు పట్టీ చుట్టండి.

బెండ ఆకుల ఈనెలు పసుపైతే, టమోటా ఆకు ముడుచుకుని గిడసబారితే అది వైరస్, దానికి ఏ మందూ లేదు. జాలి పడకుండా ఆ మొక్క పీకేయండి. ఒక్క మొక్క మీద మమకారంతో మడంతా పోగొట్టుకోవద్దు. అర్థం కాని తెగులైతే ఆకు తెంపుకుని రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లి శాస్త్రవేత్తలకు చూపించండి.

మార్చి నుంచి మళ్లీ మృగశిర దాకా

శివరాత్రి దాటగానే మడుల్లో సగం ఖాళీ చేసేయండి. ముసలిదైన టమోటా, కాపు తగ్గిన తీగలు తీసి కోసి ఆ మడి మీదే పరిచి, పైన పొట్టు కప్పి వదిలేయండి. ఉన్న నీళ్లన్నీ మిగతా సగానికి, పండ్ల చెట్లకు. ఆకుకూరల మీద 50 శాతం నీడనిచ్చే పచ్చ నెట్టు, ఆరడుగుల ఎత్తున, మార్చి నడిమి నుంచి జూన్ దాకా ఉండాలి. మరీ కిందికి కడితే వేడి లోపలే మగ్గుతుంది. తెల్లవారే లోపల నీళ్లు పెట్టేయండి. మధ్యాహ్నం ఆకు వేలాడినంత మాత్రాన పరుగెత్తకండి. సాయంత్రానికి లేచిందంటే వేళ్ల దగ్గర తేమ ఉన్నట్లే. పొద్దున కూడా వేలాడుతుంటే అప్పుడు నీళ్లు చాలలేదని అర్థం. మట్టిలో వేలు పెట్టి చూడండి, రెండంగుళాల లోపల చల్లగా తగిలితే ఆ రోజు నీళ్లు దాచుకోవచ్చు.

విత్తనానికి వదిలిన బీరకాయను తీగ మీదే ఎండనివ్వండి, ఊపితే గింజలు గలగలమనాలి. టమోటా అయితే బాగా పండిన కాయ గుజ్జును రెండు రోజులు నీళ్లలో పులియబెట్టి, కడిగి, నీడలో ఆరబెట్టాలి. మొదటి కాయలు కోసుకుని తినేసి, చివర మిగిలిన గొడ్డు కాయలను విత్తనానికి ఉంచడం సరికాదు. రెండో కోతలో బాగున్న కాయకే దారం కట్టి వదలండి. గింజలను బూడిదలో కలిపి గాజు సీసాలో పోసి, సీసా మీద పేరు, నెల రాసి, ఇంట్లో చల్లగా ఉండే అలమరలో పెట్టండి. రోహిణి కార్తెలో ఒకసారి బయటికి తీసి, పది గింజలు తడిగుడ్డలో చుట్టి మొలక చూడండి. ఏడు మొలిస్తే ఆ సీసా మంచిదే, నాలుగు లోపలైతే వాన పడకముందే కొత్త విత్తనం తెచ్చుకోండి.